ఒత్తు పట్టినవాడు

కోటిలింగానికి ఊపిరి చాలడం లేదు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. కొత్తరేవు కొండమీద నరసింహస్వామి గుడిలో సన్నాయి ఆయనది. మేలుకొలుపు దగ్గర్నుంచి పవళింపు సేవ దాకా స్వామికి ఏ వేళకు ఏ రాగం వినిపించాలో ఆయనే చూసుకుంటాడు. అలాంటి మనిషి మొన్న రథోత్సవంలో, నాలుగు వీధులు కలిసేచోట, ఊరంతా చెవులప్పగించి నిలబడిన వేళ కాంభోజి ఎత్తుకున్నాడు. మెట్టుమెట్టుగా ఎక్కి పైషడ్జం మీద నిలబడబోతుంటే ఊపిరి పుటుక్కున తెగింది. సన్నాయి మూగబోయింది.

వెనక ఒత్తు పడుతున్న తమ్ముడు తిరుపాలు ఆ క్షణాన ఒక్క పిసరు గట్టిగా ఊదాడు. ఒత్తంటే సన్నాయికి శ్రుతి ఇచ్చే గొట్టం. చూడ్డానికి సన్నాయికి అక్కలా పొడుగ్గా ఉంటుంది గానీ పాట పలకదు. వేళ్ళు ఆడించడానికి దానికి రంధ్రాలే ఉండవు. ఉన్నది ఒకటే స్వరం. సన్నాయి ఆగినా అది మాత్రం ఆగకూడదు. ఆ ఒక్క స్వరం పెద్దదై వీధంతా నిండేసరికి జనం అదేదో విద్వత్తు అనుకున్నారు.

"ఆహా! ఎంత సొగసుగా ఆపాడయ్యా!" అన్నాడో పెద్దమనిషి.

కోటిలింగం చిరునవ్వు నవ్వి, ఊపిరి కూడదీసుకుని, కింది స్వరాల్లోనే ఎలాగో చుట్టి ముగించాడు. డోలు వాయించేవాడు మాత్రం ఓరకంట చూశాడు. ఆ చూపు చాలు, కోటిలింగం గుండె జారిపోవడానికి.

సన్నాయి దించేశాక ఎలా బతకాలో ఆయనకు ఎప్పట్నుంచో ఒక లెక్కుంది. తెల్లవారుజామున లేవక్కర్లేదు. బారెడు పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకోవచ్చు. గడ్డపెరుగు కడుపారా తినొచ్చు. కఫం చేస్తుందని ఇన్నేళ్ళూ నోరు కట్టుకున్నాడు పాపం. రథోత్సవంలో జనం మధ్య నిలబడి, వేయించిన శనగలు నములుకుంటూ, ఎవరో వాయిస్తుంటే తలాడిస్తూ వినొచ్చు. ఆ ఎవరో తిరుపాలే, అందులో అనుమానం లేదు. మాట కూడా ఇచ్చాడు.

మాటదేముంది, ఇచ్చాడు! పెద్దాడి పెళ్ళి కానీ, ఇచ్చేస్తానన్నాడు. పెళ్ళయింది. కొత్త రథం రానీ అన్నాడు. రథమూ వచ్చింది. కొత్త రథం ముందు తను వాయించకపోతే ఏం బావుంటుంది అన్నాడు. కాలికి గండపెండేరం ఒక్కటి తొడిగించుకుని దిగిపోతా అన్నాడు. అదీ తొడిగారు. తొడిగిన ఏడాదే మానేస్తే దానికోసమే వాయించాడంటారని ఇంకో ఏడాది లాగాడు. ఏటా ఉగాదినాడు తమ్ముణ్ణి పిలిచి "వచ్చే ఏడు నీదేరా తిరుపాలూ" అనడం, తిరుపాలు "అట్లాగే అన్నా" అనడం, వేపపువ్వు పచ్చడితోపాటు అదీ ఆ ఇంటి ఆనవాయితీ అయిపోయింది.

తిరుపాలు నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచి అన్న ఇంట్లోనే తింటాడు, వసారాలో పడుకుంటాడు. సన్నాయీ ఒత్తూ రెండు సంచులూ తనే మోస్తాడు. గుడిలో అన్నకు కుడిభుజం వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుంటాడు. ఎదురుగా కూర్చున్న రోజు లేదు.

రథోత్సవమైన మర్నాడు కోటిలింగం భార్యతో అన్నాడు, "రావులకొల్లు వెళ్ళి గురువుగార్ని అడిగొస్తానే. సన్నాయి ఎప్పుడు దించాలో, దించాక ఎట్లా గడపాలో, ఆయనకైతే తెలుసు."

కాంతమ్మ మరిదికి అన్నం పెడుతోంది. మెత్తగా పిసికి మజ్జిగ పోస్తూ తల ఎత్తకుండానే అంది, "అందుకు అంత దూరం పోవాలా? అడగాల్సినాయన రోజూ మీ వెనకే కూర్చుంటాడు. ఒక్కసారి మెడ తిప్పితే సరిపోయె."

"వాయించేవాడు వెనక్కి చూడకూడదే మొద్దూ. నీకేం తెలుసు ఈ విద్య సంగతి."

కాంతమ్మ ఇంకో గరిటె మజ్జిగ పోసింది.

గురువు నాంచారయ్య కథ ఆ చుట్టుపక్కల మేళగాళ్ళందరికీ తెలిసిందే. ఆయన కూడా కొత్తరేవు గుడిలోనే వాయించేవాడు. మనిషి ఉక్కుముక్కలా ఉన్న రోజుల్లో, పేరు మారుమోగుతున్న రోజుల్లో, ఉత్సవాల మొదటినాడు తన సన్నాయి తీసి శిష్యుడు కోటిలింగం చేతిలో పెట్టాడు. పెట్టి, ఇంటికి పోయాడా? లేదు. శిష్యుడి వెనక చతికిలబడి ఒత్తు అందుకున్నాడు. ఆ ఉత్సవాలు ముగిసేదాకా గురువు శిష్యుడికి ఒత్తు పట్టాడు. ఊరు ముక్కున వేలేసుకుంది. కోటిలింగానికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

"గురువుగారూ, తమకింకా ఊపిరి ఉంది గదా, అప్పుడే ఎందుకండీ?" అని అడిగాడు అప్పట్లో.

"ఉందిగా, అందుకే" అన్నాడు నాంచారయ్య.

అది కోటిలింగానికి అప్పుడు అర్థం కాలేదు. పెద్దవాళ్ళు ఏదో అంటుంటారులే అనుకున్నాడు. ఉత్సవాల చివరిరోజు ఆ ఒత్తును తిరుపాలు చేతికిస్తూ గురువు ఇంకో మాట కూడా అన్నాడు, "వీడి తర్వాత నువ్వు. అందాకా ఇది పట్టు."

అప్పటికి తిరుపాలుకు నూనూగు మీసాలు. నాకూ సన్నాయే కావాలని ముఖం వేలాడేసుకున్నాడు. నాంచారయ్య ఇసకలో వేలితో 'అన్న' అని రాసి, కింద ఉన్న నావత్తు చెరిపేశాడు. "చదువు" అన్నాడు. తిరుపాలు "అన" అని చదివాడు. "ఏమన్నా అర్థముందా? కింద ఒత్తుంటేనేరా వాడు అన్న" అన్నాడు గురువు. కుర్రాడు పకపకా నవ్వేశాడు. ఆ నవ్వుతో వెళ్ళి వెనక కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

అన్నదమ్ములిద్దరూ బస్సెక్కి రావులకొల్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. నాంచారయ్య ఇంటిముందు చిక్కుడుపందిరి కింద కూర్చుని కాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఒళ్ళు ముడతలు పడింది గానీ కళ్ళలో చురుకు పోలేదు. అన్నదమ్ములు కాళ్ళకు దణ్ణం పెట్టారు.

"ఏరా కోటిగా, కాలికి ఏదో తగిలించారటగా? కుంటుతావేమో అనుకున్నా, బానే నడుస్తున్నావే" అన్నాడు ముసలాయన.

కోటిలింగం ఇబ్బందిగా నవ్వాడు. తిరుపాలు నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఈమధ్య ఎప్పుడు నవ్వినా అలాగే నవ్వుతున్నాడు.

గురువు కూతురు రంగమ్మ జంతికలూ మజ్జిగా తెచ్చి పెట్టింది. కోటిలింగం కరకరా నములుతూ తన గోడు మొదలుపెట్టాడు. ఊపిరి తెగిన సంగతి చెప్పాడు. ఊరికి తెలిసి దిగిపోవడం కన్నా తెలియకముందే దిగిపోవాలని ఉందన్నాడు. దిగడం మాట తలుచుకుంటే చెమటలు పడుతున్నాయన్నాడు.

"పొద్దున్నే లేచి ఎటు పోవాలండీ? గుడిలో నలుగురూ లేచి నిలబడేవాళ్ళు రేపు నిలబడతారా? తమరు ఇన్నేళ్ళు ఖాళీగా ఎట్లా గడిపారండీ?"

"ఖాళీయా!" నాంచారయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "ఒరే, నీ వెనక కూర్చుని ఒత్తు పట్టానే, ఆ ఉత్సవాలు. అంత సుఖం నేను వాయించిన రోజుల్లో ఒక్కనాడు పడలేదురా. నా చేతిలో విద్య నీ చేతిలో ఎట్లా నడుస్తోందో చెవులారా విన్నా. కొన్నిచోట్ల తప్పావు. కొన్నిచోట్ల నన్ను మించావు. నువ్వు మించినచోటల్లా నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. వెనక్కి చూళ్ళేదు గాబట్టి నీకు తెలీదు."

కోటిలింగం తల వంచుకున్నాడు.

"ఇప్పటికీ దాన్నే నెమరేసుకుంటా ఉంటా. పొద్దు చాలదు."

"మరి నేనెప్పుడు దించాలండీ?"

ముసలాయన తిరుపాలు వైపు చూస్తున్నాడు. తిరుపాలు జంతికను చిన్నచిన్న ముక్కలుగా తుంచి మజ్జిగలో వేసుకుని, అది నానేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. నాంచారయ్య చూపు అతని చేతిమీంచి కండువా మీదకు, కండువా మీంచి మళ్ళీ చేతిమీదకు పోయింది. ముసలాయన ముఖం నల్లబడింది.

"రంగమ్మా, చాప వెయ్యమ్మా" అన్నాడు.

చాప పడింది. కోటిలింగం అలవాటుగా ముందు కూర్చున్నాడు. తిరుపాలు అలవాటుగా అతని భుజం వెనక కూర్చుని సంచుల తాళ్ళు విప్పాడు.

"లేవండి ఇద్దరూ. కోటిగా, నువ్వు వెనక్కి. తిరుపాలూ, ముందుకి రా."

తిరుపాలు కంగారుగా చూశాడు. "వద్దండీ గురువుగారూ."

"రారా."

కోటిలింగానికి సంగతి అర్థమైంది. ఓహో, ఇదా గురువుగారి జవాబు! ఒక్కసారిగా ఆయన మనసు తేలికైపోయింది. ఇన్నేళ్ళు పీకులాడిన పని ఇంత సుళువా? ఇవాళే, ఇక్కడే, గురువు ఎదుటే ఇచ్చేస్తే ఎంత నిండుగా ఉంటుంది! సన్నాయి సంచిలోంచి తీసి, కళ్ళకద్దుకుని, తమ్ముడి రెండు చేతుల్లో పెట్టాడు.

"ఇదిగోరా తిరుపాలూ. వచ్చే ఏడు లేదు, పై ఏడు లేదు. ఇచ్చేశా. ఇకమీదట స్వామి ముందు నువ్వే. నీ వెనక నేను ఒత్తు పడతా, గురువుగారు నాకు పట్టినట్టు."

మనస్ఫూర్తిగానే అన్నాడు. తమ్ముడు కాళ్ళమీద పడతాడేమో, పడితే లేవనెత్తి కౌగిలించుకోవాలి అనుకున్నాడు.

తిరుపాలు పడలేదు. సన్నాయిని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ముందుకెళ్ళి కూర్చున్నాడు.

కోటిలింగం వెనక కూర్చుని ఒత్తు అందుకున్నాడు. ఎంత బరువో! బుగ్గల్లో గాలి నింపి, ముక్కుతో పీలుస్తూ నోటితో ఊదుతూ, ఎక్కడా తెగకుండా పట్టాలి. కాసేపటికే దవడలు లాగేశాయి. చెవుల్లో హోరు మొదలైంది. ఇది తమ్ముడు రోజూ చేసే పని. ఏనాడూ నొప్పి అనలేదు.

అక్కణ్ణించి ఆయనకు తమ్ముడి మెడ కనిపించింది. జుట్టు మొత్తం నెరిసింది. మెడనరాలు తేలి, చర్మం వదులై, ముసలివాడి మెడ. వీడెప్పుడు ముసలాడయ్యాడు అనుకున్నాడు కోటిలింగం. ఆయన మనసులో తమ్ముడికి ఇంకా నూనూగు మీసాలే.

తిరుపాలు సన్నాయి నోటికి ఆనించుకున్నాడు. ఊదాడు.

గాలి వచ్చింది. ఉత్త గాలి. మళ్ళీ ఊదాడు. కీచుమని ఒక చప్పుడు వచ్చి, ఆ వెంటే బుస్సుమంది. మూడోసారి పెదవులు బిగించబోయాడు. బిగించిన పెదవులు లోపలికి మడతపడిపోయాయి. సన్నాయి దించి, నోట్లో పెట్టుకునే పీక తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

కోటిలింగం ఒత్తు ఆపేశాడు. "ఏమైందిరా? పీక ఆరిపోయిందా?"

తిరుపాలు వెనక్కి తిరిగాడు. నోటిమీది కండువా తీశాడు.

"పళ్ళు లేవు గదన్నా" అన్నాడు.

ముందు పళ్ళు పైనా కిందా ఒక్కటి లేదు. సన్నాయికి పెదవి బిగించాలంటే ఆ పెదవి వెనక పన్నుండాలి. ఒత్తుకు పాటలా పెదవి ఆడించే పని లేదు, బుగ్గల బలంతో నెట్టుకురావచ్చు. ఇది కోటిలింగానికి ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

"ఎప్పట్నుంచిరా?"

"నీకు గండపెండేరం తొడిగారే, అంతకుముందే చిగుళ్ళు వదిలేశాయి. ఒక్కోటీ ఊడిపోయింది."

"నాకు చెప్పలేదేంరా! ఎవరికీ చెప్పలేదా?"

"వదినకు తెలుసు. డోలాయనకు తెలుసు. గుడి మెట్లమీద పూలమ్మే ఆమెక్కూడా తెలుసు." తిరుపాలు గొంతులో కోపం లేదు. ఉంటే కోటిలింగానికి కాస్త ఊరటగా ఉండేదేమో. "నువ్వు వచ్చే ఏడు ఇస్తానన్నావుగా. ఇచ్చినప్పుడు చెబుదాంలే అనుకున్నా. ముందే చెబితే వచ్చే ఏడు అన్న మాట కూడా అనవేమోనని."

కోటిలింగం నోరు తెరిచాడు. ఆ నోట్లో పళ్ళన్నీ ఉన్నాయి.

"ఊపిరైతే దాచుకున్నానన్నా. కల్లూ సారా ముట్టలేదు, చుట్ట తాగలేదు. చాప చుట్టేసిన తర్వాత కొండ వెనక్కి పోయి సాధన చేసేవాణ్ణి. అంతా దాచుకున్నా. పళ్ళు దాచుకుంటే ఆగుతాయా?"

కోటిలింగం గురువు వైపు తిరిగాడు. తన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "గురువుగారూ, ఇప్పుడు నేనేం చెయ్యాలండీ? ఈ సన్నాయి ఎవరికివ్వాలి? చెప్పండి, తమరే చెప్పాలి."

నాంచారయ్య చిక్కుడుకాయల చేట పక్కకు జరిపాడు.

"ఒత్తు ఎందుకు ఆపావురా?" అన్నాడు.

"గురువుగారూ..."

"వాడింకా ఎత్తుకోనేలేదు. పట్టు."

కోటిలింగం మళ్ళీ ఒత్తు అందుకున్నాడు. బుగ్గలు నింపాడు. స్వరం వంకరగా మొదలై, మెల్లిగా నిలబడింది.

తిరుపాలు సన్నాయిని ఒళ్ళోంచి తీసి నిలబెట్టి పట్టుకున్నాడు. నోటికి ఆనించలేదు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు రంధ్రాల మీద ఆడటం మొదలుపెట్టాయి.

కుడిభుజం పక్కనుంచి కోటిలింగానికి ఆ వేళ్ళు కనిపిస్తున్నాయి. రెండు క్షణాల్లో పోల్చుకున్నాడు. కాంభోజి. మొదట్లో అంతా తను వాయించే బాణీయే. తన ప్రతి పలుకూ ఆ వేళ్ళకు కంఠతా వచ్చు. అక్కడక్కడా తను తొందరపడే చోట్ల అవి తొందరపడటం లేదు. తను జనం చప్పట్ల కోసం సాగదీసే చోట్ల అవి సాగదీయడం లేదు.

పైషడ్జం దగ్గరకొచ్చింది. రథోత్సవంలో ఊపిరి తెగిన చోటు. కోటిలింగం ఎప్పుడూ అక్కడికి నేరుగా ఎగబాకేవాడు. తమ్ముడి వేళ్ళు అలా ఎక్కలేదు. ఒకసారి పంచమానికి దిగి, ధైవతం మీద తీరిగ్గా నిలబడి, అక్కణ్ణించి ఎవరో చెయ్యిపట్టి నడిపిస్తున్నట్టు నెమ్మదిగా పైకి వెళ్ళాయి. అట్లా వెళితే ఊపిరి తెగదు. అట్లా వెళ్ళొచ్చని ఆయనకు తెలియదు. ఆయన బాణీ కాదది, గురువు బాణీ కాదు. తిరుపాలుది. ఎవరూ వినలేదు, ఇక వినరు.

"భేష్!" అన్నాడు నాంచారయ్య కళ్ళు మూసుకుని.

కోటిలింగానికి మళ్ళీ ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఊపిరి తెగుతుంది, తెగితే శ్రుతి పోతుంది. పళ్ళ బిగువున పట్టాడు.

వంటింట్లోంచి రంగమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. ఎంతకీ ఒకటే స్వరం వినిపిస్తుంటే ఆమెకు విసుగేసినట్టుంది.

"ఏం నాన్నా, ఎంతసేపటికీ పాట ఎత్తుకోరేం?"

"ఎత్తుకున్నాడమ్మా. మనమే ఆలస్యంగా వచ్చాం" అన్నాడు నాంచారయ్య.

కోటిలింగం కళ్ళు తుడుచుకోలేదు. రెండు చేతులూ ఒత్తు మీదే ఉన్నాయి.